వడి వేరు, వేగం వేరు

తుపాను రోజుల్లో టీవీ పెడితే రెండు అంకెలు వినిపిస్తాయి. ‘గాలులు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వీస్తాయి’ అన్నది ఒకటి. ‘తుపాను గంటకు 12 కిలోమీటర్ల వేగంతో వాయవ్య దిశగా కదులుతోంది’ అన్నది రెండోది. మొదటి అంకె పెద్దది కాబట్టి మన చెవి దాన్నే పట్టుకుంటుంది. కానీ ఏ ఊళ్లు ఖాళీ చేయించాలి, ఏ రైళ్లు ఆపాలి, ఏ జిల్లాలో బడులకు సెలవు ఇవ్వాలి అన్నది తేల్చేది రెండో వాక్యం. అందులో అంకెతో పాటు దిశ కూడా ఉంది.

2023 డిసెంబరులో వచ్చిన మిగ్‌జాం తుపాను మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది తీరం పక్కనే నెమ్మదిగా కదలడం వల్ల చెన్నై నగరం నీట మునిగింది. తర్వాత తీరం వెంబడి ఉత్తరంగా వచ్చి డిసెంబరు 5న బాపట్ల దగ్గర నేలను తాకింది. ఎంత గట్టిగా గాలి వీచింది అన్నది ఎంత ముఖ్యమో, తుపాను ఎటు, ఎంత మెల్లగా కదిలింది అన్నదీ అంతే ముఖ్యం.

మన పిల్లలు 9వ తరగతి ఫిజిక్స్‌లో ‘మోషన్’ పాఠం చదివేటప్పుడు నేర్చుకునే తేడా ఇదే. దిశ లేకుండా ‘ఎంత’ అని మాత్రమే చెబితే స్పీడ్. ‘ఎంత’తో పాటు ‘ఎటు’ కూడా చెబితే వెలాసిటీ. చిన్న తేడాలాగే కనిపిస్తుంది. ఈ పాఠానికి రెండు పీరియడ్లు ఎక్కువ పట్టినా ఫరవాలేదని, పేరెంట్స్ దాని గురించి కంగారు పడనక్కర్లేదని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇంట్లో ఒకే మాట, పుస్తకంలో రెండు

తెలుగు మీడియం పుస్తకాల్లో స్పీడ్‌ను ‘వడి’ అంటారు, వెలాసిటీని ‘వేగం’ అంటారు. ‘వడివడిగా అడుగులు వేశాడు’ అనే మాటలో ఉన్న వడే అది. కానీ ఇంట్లో మనం రెండింటికీ ‘వేగం’ అనే అంటాం, లేదా ‘స్పీడ్’ అంటాం. ఇంగ్లీష్ మీడియంలో చదివే పిల్లలకు ఇక్కడే చిక్కు వస్తుంది. క్లాసులో రెండు ఇంగ్లీష్ మాటలు వింటారు, ఇంట్లో ఒక్క మాటే వింటారు. దాంతో వెలాసిటీ అంటే స్పీడ్‌కు ఉన్న గొప్ప పేరు అనుకుంటారు. పరీక్షలో డెఫినిషన్ తప్పు లేకుండా రాస్తారు. లెక్క దగ్గరికి వచ్చేసరికి రెండింటినీ ఒకటిగా చూస్తారు.

స్కూల్ బస్సు ఉదాహరణ చూద్దాం. ఒక బాబు ఇంటి నుంచి స్కూలుకు తిన్నగా కొలిస్తే తూర్పు వైపు 4 కిలోమీటర్లు. కానీ బస్సు కాలనీలన్నీ తిరిగి, పిల్లలందర్నీ ఎక్కించుకుని, 18 కిలోమీటర్లు నడిచి, గంటకు స్కూలు చేరుతుంది. బస్సు సగటు వడి గంటకు 18 కిలోమీటర్లు. సగటు వేగం మాత్రం తూర్పుకు గంటకు 4 కిలోమీటర్లే. అంటే తిన్నని దారి ఉంటే మనిషి మామూలుగా నడిచి వెళ్లినా అదే గంటలో అక్కడికి చేరతాడు. ఈ లెక్క బోర్డు మీద వేస్తే పిల్లలు నవ్వుతారు, కొందరు నమ్మరు. ఆ నమ్మకపోవడం దగ్గరే అసలు పాఠం మొదలవుతుంది.

మరో ఉదాహరణ గ్రౌండ్‌లోనే ఉంది. 400 మీటర్ల ట్రాక్‌ను ఒక అమ్మాయి 80 సెకన్లలో చుట్టి వచ్చింది. సగటు వడి సెకనుకు 5 మీటర్లు. సగటు వేగం సున్నా, ఎందుకంటే మొదలుపెట్టిన చోటికే తిరిగి వచ్చింది. ‘మరి ఆ చెమట సంగతేంటి?’ అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. చెమటకు లెక్క వడిలో ఉంది. ఎక్కడికి చేరామన్న లెక్క వేగంలో ఉంది. ఒకటి నిజం, ఇంకొకటి అబద్ధం కాదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

మైనస్ గుర్తు వెనక ఉన్న సంగతి

మా క్లాసుల్లో ఎక్కువ మార్కులు పోయేది ఒక చిన్న గీత దగ్గర, మైనస్ గుర్తు దగ్గర.

ఒక బంతి సెకనుకు 10 మీటర్ల వేగంతో గోడకు తగిలి, అదే 10 మీటర్లతో వెనక్కి వచ్చిందనుకుందాం. వడిలో మార్పు ఎంత? సున్నా. వేగంలో మార్పు ఎంత? 20. వెళ్లేటప్పుడు ప్లస్ 10, వచ్చేటప్పుడు మైనస్ 10 కాబట్టి. ‘10లోంచి 10 తీసేస్తే సున్నా’ అని రాసిన విద్యార్థి తీసివేత తప్పుగా చేయలేదు. దిశను వదిలేశాడు, అంతే. కానీ ఆ సున్నా నిజమైతే గోడ బంతిని అసలు నెట్టనట్టే లెక్క. గోడ నెట్టకపోతే బంతి వెనక్కి ఎలా వచ్చింది?

తర్వాతి పాఠం ఫోర్స్, న్యూటన్ నియమాలు. అక్కడంతా వేగంలో మార్పు మీదే నడుస్తుంది. ఇంటర్‌లో వచ్చే వెక్టర్లు, వృత్తాకార చలనం, ప్రొజెక్టైల్స్ అన్నీ ఈ గుర్తు మీదే నిలబడతాయి. బస్సు ఒకే వడితో మలుపు తిరిగినా మనం పక్కకు ఒరిగిపోతాం. వడి మారలేదు, దిశ మారింది, అంటే వేగం మారింది. స్పీడోమీటర్ ముల్లు కదలకుండానే త్వరణం ఉందన్నమాట. 9వ తరగతిలో ఇది పట్టుబడిన పిల్లలకు ఇంటర్ సులువవుతుంది. పట్టుబడనివాళ్లు ఫార్ములాలు కంఠస్థం చేస్తారు, ప్రశ్నను కొద్దిగా తిప్పి ఇస్తే ఆగిపోతారు.

శ్రీహరికోట నేర్పే పాఠం

దిశకు ఎంత ఖరీదు ఉంటుందో తెలుసుకోవడానికి మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటను మించిన ఉదాహరణ లేదు.

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది. శ్రీహరికోట దగ్గర నేల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు కదులుతూనే ఉంటుంది. అందుకే తూర్పు వైపు వదిలిన రాకెట్‌కు ఆ 450 మీటర్లు ఉచితంగా వస్తాయి. పడమరకు వదిలితే అదే 450 అప్పుగా మారుతుంది. రాకెట్ అదే, ఇంధనం అదే, దిశ మారితే లెక్క మొత్తం మారిపోతుంది.

ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలను దక్షిణం వైపు పంపాలి. శ్రీహరికోట నుంచి తిన్నగా దక్షిణానికి వెళ్తే దారిలో శ్రీలంక ఉంది. జనం ఉన్న నేల మీదుగా రాకెట్ వెళ్లకూడదు. అందుకని పీఎస్ఎల్‌వీ ముందు పక్కకు వెళ్లి, ఆ తర్వాత దక్షిణానికి మళ్లుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది. ఆ మేరకు మోసుకెళ్లగలిగే బరువు తగ్గుతుంది. చిన్న రాకెట్లకు ఈ నష్టం మరీ భారం. తమిళనాడులోని కులశేఖరపట్నంలో కొత్త ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరగడానికి ముఖ్య కారణం ఇదే. అక్కడి నుంచి దక్షిణానికి తిన్నగా వెళ్లవచ్చు.

చంద్రయాన్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2023 ఆగస్టు 23 సాయంత్రం విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద 30 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు దాని వేగం సెకనుకు 1.68 కిలోమీటర్లు, అంటే గంటకు సుమారు 6,000 కిలోమీటర్లు. అదంతా అడ్డంగా, నేలకు సమాంతరంగా. దిగాల్సింది మాత్రం నిలువుగా, మెల్లగా. సుమారు 19 నిమిషాల్లో అడ్డంగా ఉన్న వేగాన్ని చంపి, ల్యాండర్‌ను నిలువుగా తిప్పి, కాళ్ల మీద దించాలి. అందుకే చంద్రయాన్-3లో అన్ని దిశల్లోనూ వేగాన్ని కొలిచే లేజర్ డాప్లర్ పరికరాన్ని కొత్తగా అమర్చారు.

అంతకుముందు 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండర్ ఎందుకు కూలిపోయిందని అడిగితే, వేగం తగ్గించలేకపోవడం వల్ల అని చాలామంది అంటారు. ప్రభుత్వం పార్లమెంటులో చెప్పిన కారణం వేరు. దిగే రెండో దశలో వేగం అనుకున్నదానికంటే ఎక్కువగా తగ్గింది. దాంతో తర్వాతి దశ మొదలయ్యే సమయానికి ల్యాండర్ ఉండాల్సిన స్థితిలో లేదు. ‘తగ్గడం మంచిదే కదా, ఎక్కువ తగ్గితే ఇంకా మంచిది’ అనుకోవడానికి లేదు. ఏ క్షణంలో ఎంత, ఎటు అన్నది కుదరాలి.

వెలాసిటీ అనే మాట వెళ్లిన చోట్లు

ఈ మాట ఫిజిక్స్ పుస్తకంలోనే ఉండిపోలేదు. మీ ఉద్యోగాల్లో, ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో కూడా తిరుగుతోంది. కొన్నిచోట్ల దిశను వెంట తీసుకెళ్లింది, కొన్నిచోట్ల వదిలేసి వెళ్లింది.

ఆస్పత్రిలో డాప్లర్ స్కాన్ చేయించుకున్నవాళ్లకు తెర మీద ఎరుపు, నీలం రంగులు గుర్తుండవచ్చు. ఎరుపు అంటే మంచి రక్తం, నీలం అంటే చెడు రక్తం అని చాలామంది అనుకుంటారు. నిజానికి మామూలుగా ఎరుపు అంటే రక్తం ప్రోబ్ వైపు వస్తోందని, నీలం అంటే దూరంగా పోతోందని అర్థం. రంగు దిశను చూపిస్తుంది, రంగులోని తేడా ఎంత వడిగా పోతోందో చెబుతుంది. గుండె కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి వస్తే డాక్టర్‌కు ఆ రంగులోనే తెలుస్తుంది. క్రిస్టియన్ డాప్లర్ 1842లో నక్షత్రాల రంగుల గురించి చెప్పిన సూత్రం ఇప్పుడు మన గుండెను చూస్తోంది.

అర్థశాస్త్రంలో ‘ద్రవ్య చలామణి వేగం’ అనే మాట ఉంది. ఒక 500 రూపాయల నోటు పొద్దున టిఫిన్ సెంటర్‌లో ఇచ్చారు. అది కూరగాయల కొట్టుకు, అక్కడి నుంచి ఆటో డ్రైవర్‌కు, ఆయన నుంచి మందుల షాపుకు వెళ్లింది. నోటు ఒక్కటే, జరిగిన వ్యాపారం 2,000 రూపాయలు. ఇర్వింగ్ ఫిషర్ 1911లో రాసిన పుస్తకంతో ఈ లెక్క ప్రసిద్ధమైంది. పేరు వెలాసిటీయే కానీ ఇందులో దిశ లేదు. నోటు ఎన్నిసార్లు చేతులు మారిందన్నదే లెక్క, అవసరానికి వెళ్లిందా, వృథాకు వెళ్లిందా అన్నది కాదు.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే పేరెంట్స్‌కు ‘స్ప్రింట్ వెలాసిటీ’ బాగా తెలుసు. రెండు వారాల్లో టీమ్ ఎన్ని స్టోరీ పాయింట్లు పూర్తి చేసింది అన్నది ఆ అంకె. టీమ్ తన తర్వాతి పనిని అంచనా వేసుకోవడానికి అది పనికొస్తుంది. కానీ పైనుంచి ‘వెలాసిటీ పెంచండి’ అని ఒత్తిడి వస్తే ఏమవుతుందో కూడా మీకు తెలుసు. మూడు పాయింట్ల పనికి ఐదు వేస్తారు. అంకె పెరుగుతుంది, పని అంతే ఉంటుంది. కస్టమర్‌కు అక్కరలేని ఫీచర్‌ను ఎంత తొందరగా కట్టినా వెలాసిటీ బాగానే కనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది పిల్లల డాక్టర్లు వాడే ‘గ్రోత్ వెలాసిటీ’. బడికెళ్లే వయసులో, యుక్తవయసు మొదలయ్యే ముందు, పిల్లలు సాధారణంగా ఏడాదికి 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతారు. నాలుగు కంటే తగ్గితే డాక్టర్ ఆరా తీస్తారు. క్లాసులో అందరికంటే పొడుగ్గా ఉన్న పిల్లాడు ఏడాదిగా పెరగకపోతే అది ఆలోచించాల్సిన విషయం. పొట్టిగా ఉన్న పాప తన వరుసలో తను ఏటా 6 సెంటీమీటర్లు పెరుగుతుంటే సాధారణంగా భయపడాల్సిన పని లేదు. డాక్టర్ ఆ బిడ్డను ప్రధానంగా పోల్చేది పక్కింటి బిడ్డతో కాదు, పోయిన ఏడాది ఇదే బిడ్డతో.

మనం కొలుస్తున్నది ఏది?

పేరెంట్ మీటింగుల్లో మాకు ఎక్కువగా వినిపించే ప్రశ్న ‘సిలబస్ ఎంతవరకు అయ్యింది?’ వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువగా వచ్చే మెసేజ్ ‘వేరే బ్రాంచ్‌లో ఫోర్స్ కూడా అయిపోయిందట, మనవాళ్లు ఇంకా మోషన్‌లోనే ఉన్నారు’. ఆ ఆందోళన నాకు అర్థమవుతుంది. ఫీజు కట్టే చేయి లెక్క అడుగుతుంది, అడగాలి కూడా. కానీ ‘ఎన్ని పాఠాలు అయ్యాయి’ అన్నది వడిని కొలిచే ప్రశ్న. అయిపోయిన పాఠాల సంఖ్య పెంచడం టీచర్‌కు పెద్ద కష్టం కాదు. నోట్స్ డిక్టేట్ చేసి, ఫార్ములా షీట్ ఇచ్చి, ‘కంప్లీటెడ్’ అని రాసేయవచ్చు. పిల్లల నోట్‌బుక్ నిండుతుంది. స్టోరీ పాయింట్లు పెరిగినట్టే.

పోటీ ఉన్న కాలంలో వడి వద్దా అని మీరు అడగవచ్చు. వద్దనడం లేదు. జేఈఈ మెయిన్‌లో 180 నిమిషాల్లో 75 ప్రశ్నలు చేయాలి, అంటే ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు కూడా లేవు. వడి లేకపోతే కుదరదు. కానీ అదే పరీక్షలో సరైన జవాబుకు ప్లస్ 4, తప్పు జవాబుకు మైనస్ 1 ఉంది. ఒక విద్యార్థి 70 ప్రశ్నలు చేసి 40 సరిగ్గా, 30 తప్పుగా రాశాడనుకుందాం. వచ్చేది 130. ఇంకొకరు 50 మాత్రమే చేసి 42 సరిగ్గా, 8 తప్పుగా రాశారు. వచ్చేది 160. ఇరవై ప్రశ్నలు తక్కువ చేసినవాళ్లు ముప్పై మార్కులు ముందున్నారు. పరీక్ష పెట్టేవాళ్లు కూడా వేగాన్నే కొలుస్తున్నారు, వడిని మాత్రమే కాదు.

మరో మాట. 7వ తరగతి పిల్లలకు ఇంటర్ లెక్కలు చేయించమని అడిగే పేరెంట్స్ ఉన్నారు, చేయిస్తే సంతోషించేవాళ్లూ ఉన్నారు. ఆ వయసులో పిల్లలు ఫార్ములాలో అంకెలు వేసి జవాబు తేగలరు. అది చూసి మురిసిపోవడం సహజం. కానీ మైనస్ 5 అంటే ఏమిటో బొమ్మ గీసి చెప్పలేని పిల్లాడు ముందుకు వెళ్లాడని నేను అనలేను, త్వరగా కదిలాడని మాత్రమే అనగలను. తర్వాత దారి మార్చడం ఖర్చుతో కూడిన పని. శ్రీలంకను తప్పించుకుని మళ్లే రాకెట్‌కు ఇంధనం ఎలా ఖర్చవుతుందో, ఇంటర్ మొదటి సంవత్సరంలో బేసిక్స్ మళ్లీ నేర్చుకునే పిల్లలకు నిద్ర, ఆట, ధైర్యం అలా ఖర్చవుతాయి.

పేరెంట్స్‌కు మూడు మనవులు

మొదటిది. వచ్చే మీటింగ్‌లో ‘ఎంత అయ్యింది’ అని అడగండి, దాంతో పాటు ‘పోయిన నెల చేయలేనిది ఈ నెల మా అమ్మాయి ఏం చేయగలుగుతోంది?’ అని కూడా అడగండి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది. జవాబు సిద్ధంగా లేకపోతే మేమే సిద్ధం చేసుకుని వస్తాం.

రెండోది. వీక్లీ టెస్ట్ పేపర్ ఇంటికి వచ్చినప్పుడు ర్యాంకు చూసే ముందు తప్పుల్ని చూడండి. పోయిన వారం తప్పులే ఈ వారమూ ఉన్నాయా, కొత్త తప్పులు వచ్చాయా? కొత్త తప్పులు వస్తుంటే పిల్లలు కదులుతున్నట్టు. అవే తప్పులు తిరిగి వస్తుంటే ట్రాక్ చుట్టూ పరిగెడుతున్నట్టు. ర్యాంకు పక్కవాళ్లను బట్టి మారుతుంది, తప్పుల జాబితా మీ బిడ్డను బట్టి మాత్రమే మారుతుంది.

మూడోది ఆదివారం పని. మీ ఇంటి నుంచి స్కూలుకు బస్సు ఏ దారిన వస్తుందో పిల్లల చేత కాగితం మీద గీయించండి. ఫోన్ మ్యాప్‌లో దారి పొడవు, తిన్నని దూరం కొలిపించండి. పట్టే సమయంతో భాగించి వడి ఎంతో, వేగం ఎంతో, ఏ దిశలోనో చెప్పమనండి. సాయంత్రం తిరుగు ప్రయాణానికి గుర్తు ఏమవుతుందో అడగండి. మొత్తం రోజుకు సగటు వేగం ఎంత అని కూడా అడగండి. జవాబు సున్నా అని వాళ్లు చెప్పి, ఎందుకు సున్నానో మీకు తెలుగులో వివరించగలిగితే, ఆ పాఠం వచ్చేసినట్టే. వివరించలేకపోతే డైరీలో ఒక్క లైన్ రాసి పంపండి. మర్నాడు ఆ పీరియడ్‌లో కొత్త పాఠం మొదలుపెట్టకుండా ఆ బస్సునే మళ్లీ బోర్డు మీద నడిపిస్తాం.